ఇంతకీ పెద్దోడు తిన్నాడా?

ఆ రోజుల్లో మా వీధిలో కథను సగంలో ఆపడమంటే విస్తరి వేసి వడ్డించకుండా వెళ్ళిపోవడం లాంటిది. మా అవ్వ చెప్పే కథల్లో చివరికి అందరూ ఎక్కడివాళ్ళక్కడ చేరిపోవాలి. రాజు కోటకు, రాక్షసుడు కొండకు, వింటున్న మేము చాప మీదికి. అలా పెరిగిన నా చేతికి పదేళ్ళ వయసులో చివర లేని కథ ఒకటి దొరికింది. దానికి చివర నేనే తగిలించాను. కత్తెరతో తగిలించాను. (ఇప్పుడు నాకు ఇద్దరు పిల్లలు. వాళ్ళు పెన్సిలు చెక్కుకుంటున్నా నా గుండె ఆగిపోతుంది. అప్పుడు మాత్రం ఏ భయమూ ఉండేది కాదు.)

మాది ధర్మవరం. మా ఇంట్లో అడుగుపెడితే ముందు కనిపించేవి మనుషులు కాదు, మగ్గాలు. ముందు హాల్లో రెండు మగ్గాలు, వాటి ముందు నేలలో రెండు గుంటలు. ఒక గుంటలో కాళ్ళు పెట్టుకుని మా నాయన, ఇంకో గుంటలో ఆయన తమ్ముడు, అంటే మా చిన్నాయన, పట్టుచీరలు నేసేవాళ్ళు. మేము బతికేది వెనక రెండు గదుల్లో. నేను బడి నుంచి రాగానే రాట్నం ముందు కూర్చుని నేతకు కావలసిన పోగును కండెలకు చుట్టేదాన్ని. ఆదివారం మాత్రం పొద్దున రెండు గంటలు నాకు సెలవు. మా వీధి చివర చర్చి హాల్లో పిల్లలకు కథలు చెప్పి, రంగుల బొమ్మల కార్డులు ఇచ్చేవారు. మేము హిందువులమే, అయినా వీధి పిల్లలమంతా అక్కడే ఉండేవాళ్ళం. (పక్కింటి సాయిబుల అమ్మాయి దగ్గర నాకంటే రెండు కార్డులు ఎక్కువ ఉండేవి. ఆ బాధ నాకు ఇంకా ఉంది.)

కథలు చెప్పే ఆమెను మేము కార్డుల టీచరమ్మ అనేవాళ్ళం. పెనుకొండ నుంచి పొద్దున ప్యాసింజరులో వచ్చి, మళ్ళీ రైలుకే తిరిగి వెళ్ళేది. దానివల్ల కథలో ఎవరు ఏ గతిలో ఉన్నా సరే, రైలు టైమైతే సంచీ భుజాన వేసుకునేది. ఒకసారి నోవహు ఓడ వారం పొడుగునా నీళ్ళ మీదే ఉండిపోయింది. అలాగే ఒక ఆదివారం తప్పిపోయిన కుమారుడి కథ మొదలుపెట్టింది. ఒక తండ్రికి ఇద్దరు కొడుకులు. చిన్నోడు తన భాగం తీసుకుని దూరదేశం పోయి అంతా పాడుచేసుకుని, పందులు తినే పొట్టు తిని బతికి, చివరికి సిగ్గు విడిచి ఇల్లు చేరాడు. తండ్రి పరుగెత్తి పోయి కౌగిలించుకున్నాడు. కొత్త బట్టలు తొడిగి, కొవ్విన దూడను కోయించి విందు పెట్టాడు. పెద్దోడు పొలం నుంచి వస్తూ ఆ సందడి విన్నాడు. తమ్ముడు వచ్చాడని తెలిసి ఇంట్లోకి రానని బయటే నిలబడిపోయాడు. అక్కడ టీచరమ్మ గడియారం చూసుకుంది. "మిగతాది వచ్చే వారం చెప్తా పాపా, బండి టైమాయె" అని గబగబా వెళ్ళిపోయింది.

ఆ వారమంతా నాకు చిన్నోడి మీద ఏ దిగులూ లేదు, వాడికి విందు దొరికింది. గుమ్మం బయట నిలబడిన పెద్దోడే నా తలలో తిరుగుతున్నాడు. పొలంలో పని చేసి ఆకలితో వచ్చినవాడు. లోపల కూర వాసన. వాడు తిన్నాడా, లేదా? ఎందుకంటే మా ఇంట్లోనూ ఒక చిన్నోడు తప్పిపోయి అప్పటికి తొమ్మిది నెలలు.

చిన్నాయనకు మగ్గం మీద కూర్చోవడం చేతనవునుగానీ కూర్చుని ఉండటం చేతకాదు. హిందూపురంలో ఒక స్నేహితుడు పెళ్ళి వీడియోలు తీస్తాడు, అతనితో కలుస్తానని ఒకరోజు లేచి పోయాడు. పోతే పోయాడు, మగ్గం మీద వంకాయ రంగు పెళ్ళిచీర సగం నేసి అలాగే వదిలి పోయాడు. నాయన తన మగ్గం ఆపి, తమ్ముడి మగ్గం మీద కూర్చుని ఆ మిగతా సగం పూర్తిచేశాడు. కానీ నేతలో ఒక చిక్కు ఉంది. అడ్డంగా పేక పోగు వేసిన ప్రతిసారీ దాన్ని దగ్గరికి కొట్టే దెబ్బ ఒక్కొక్కరిది ఒక్కో తీరు. చెయ్యి మారిన చోట చీరలో అడ్డంగా సన్నని గీత పడుతుంది. పెళ్ళిచీరలో గీత ఉంటే ఎవరు తీసుకుంటారు? షావుకారు తిప్పి పంపాడు. ఆ చీర అవ్వ ట్రంకుపెట్టెలోకి పోయింది, నాయన తమ్ముడి పేరు ఎత్తడం మానేశాడు.

సరిగ్గా ఆ సగం కథ విన్న వారమే, శనివారం సాయంత్రం, చిన్నాయన ఇంటికొచ్చాడు. నేను గుమ్మంలోనే నిలబడి చూశాను. చూసి నిరాశపడ్డాను. కథలో చిన్నోడు పొట్టు తిని చిక్కి శల్యమై వచ్చాడు కదా. మా చిన్నాయన తొమ్మిది నెలలు ఊరూరి పెళ్ళిళ్ళలో ఓళిగలు, పాయసం తిని బుగ్గలు పూరించుకుని వచ్చాడు. చొక్కా గుండీలు పొట్ట దగ్గర బిక్కుబిక్కుమంటున్నాయి. తప్పిపోయినవాడికి ఉండవలసిన లక్షణం ఒక్కటీ లేదు. మా అవ్వకు మాత్రం ఆ లక్షణాలన్నీ కనిపించాయి. "అయ్యో నా కొడకా, ఎంత సిక్కిపోయినావురా!" అని తడిమి తడిమి ఏడ్చింది.

నాయన మగ్గం మీది నుంచి తల ఎత్తలేదు. పేక పోగు మోసే నాడె ఇటూ అటూ పోతూనే ఉంది. రాత్రి అవ్వ భోజనానికి పిలిస్తే, "ఆకలి లేదుమా" అన్నాడు. పొద్దున పిలిస్తే, "వాడు ఆ గదిలో ఉన్నంతసేపు నేను గుంటలోంచి లేచి రాను" అన్నాడు. మామూలు ఇళ్ళలో అయితే ఇలా అలిగినవాళ్ళకు పళ్ళెం అక్కడికే తెచ్చి పెట్టొచ్చు. మా ఇంట్లో అది కుదరదు. పట్టు ఉన్నచోటికి అన్నం రాకూడదు. చుక్క నూనె పడినా చీర పోయినట్టే, అందుకే మగ్గం దగ్గర వేరుశనగ గింజ కూడా నోట్లో వేసుకోం. అంటే నాయన గుంటలోంచి లేవకపోతే నాయనకు తిండి లేదు. (వీధి చివర కొట్టుకు వెళ్ళి టీ తాగి వచ్చేవాడు. దానికి గుంటలోంచి లేవడం ఆయన లెక్కలో లేవడం కాదు.)

ఆదివారం పొద్దున్నే అవ్వ నాటుకోడిని కోయించింది. కోడి కూత వినగానే నాయన చెయ్యి ఆగింది.

"ఏమ్మా, కోడి కోయిస్తాండావా?"

"బిడ్డ వచ్చినాడు కదప్పా."

"ఇన్నేండ్లు ఈ గుంటలో కాళ్ళు పెట్టుకోని కూసుంటి. నీ మాట ఎప్పుడన్నా దాటినానా? నాకోసరం ఒక్కనాడన్నా కోడి కోసినావా?"

అవ్వ రోలు దగ్గర చెయ్యి ఆపకుండానే, "నువ్వు యాడికన్నా పోతే కదరా, వచ్చినావని కోసేది! ఇంట్లోనే ఉండేవానికి ఏమని కోయల్ల?" అంది.

నాయన నాడెను ఇంకాస్త విసురుగా తోశాడు. మా అమ్మ లోపల ఒక గిన్నెను కావలసినదానికంటే గట్టిగా కింద పెట్టింది. ఆమె ఓటు ఎటో దానితోనే తెలిసిపోయింది.

నేను చర్చి హాలుకు పరుగెత్తాను. ఆ రోజు ముందు వరుసలో కూర్చున్నాను. టీచరమ్మ ఆపిన చోటు నుంచి మొదలుపెట్టింది. తండ్రి బయటికొచ్చి పెద్దోడిని లోపలికి రమ్మని బతిమాలాడు. అప్పుడు పెద్దోడు ఏమన్నాడు? ఇన్నేళ్ళుగా నీకు ఊడిగం చేస్తున్నాను, నీ మాట ఎన్నడూ దాటలేదు, నా స్నేహితులతో సంతోషపడమని నాకు ఒక్క మేకపిల్లనైనా ఇచ్చావా అన్నాడు. నేను లేచి నిలబడి, "మా నాయన గూడా పొద్దున ఇదే అన్నె!" అని అరిచాను. పిల్లలంతా నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. నావైపు ఒక నిమిషం చూసి, మెల్లగా కథ ముగించింది. తండ్రి అన్నాడట: నువ్వు ఎప్పుడూ నాతోనే ఉన్నావు, నాదంతా నీదే, నీ తమ్ముడు తప్పిపోయి దొరికాడు, మనం సంతోషపడాలి కదా.

నేను కూర్చోలేదు. "ఆ తర్వాత?"

"అంతే పాపా."

"పెద్దోడు లోపలికి పోయినాడా, లేదా?"

"అది రాయలేదమ్మా."

"అంటే చెప్పేటప్పుడు యేసుస్వామి మర్చిపోయినాడా?"

టీచరమ్మ నా తల నిమిరింది. "మర్చిపోలేదు. అది మనకు ఇడిసిపెట్టినాడు" అంది. ఆ మాటలో ఎంత లోతు ఉందో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు ఒకటే అర్థమైంది. మనకు వదిలిపెట్టాడంటే అది హోంవర్కు. నేను క్లాసులో ఫస్టు. హోంవర్కు చేయకుండా ఒక్కరోజు బడికి పోయి ఎరగను.

ఇంటికి వస్తూ దారిలోనే ఆలోచించేశాను. మగ్గం మీద పడుగులో, అంటే నిలువుగా సాగదీసిన పోగుల్లో, ఒకటి తెగితే నాయన చత్వారం కళ్ళకు అది దొరకదు. ముందు కూర్చున్నవాడికి వెనక నుంచి ఎవరో తెగిన కొసను వెతికి అందించాలి. ఆ పనిలో మా ఇంట్లో చిన్నాయన వేళ్ళను మించినవి లేవు. ఆయన పోయాక ఆ పని నా మీద పడింది. ఇప్పుడు ఒక పోగు తెగి, నా వేలు పనికిరాకుండా పోతే? నాయన తమ్ముడిని పిలవక ఏం చేస్తాడు? దేవుడికి తోచనిది నాకు తోచిందని ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

ఇంటికి రాగానే కుడిచేతి వేలికి గుడ్డపీలిక చుట్టుకున్నాను. నాయన టీ కోసం బయటికి పోగానే, వెనక గోడ దాకా సాగి ఉన్న పడుగు కిందికి పాకాను. నాయన చిన్న కత్తెర ఆయన మొలలోనే ఉంటుంది కాబట్టి, మా అమ్మ రవిక గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర తీసుకున్నాను. ఒక్క పోగే. అంతే అనుకున్నాను. కానీ చీకట్లో, తలకిందులుగా, గుడ్డ చుట్టిన వేలితో, మూరెడు కత్తెర పట్టుకుని వెంట్రుక లాంటి పోగును ఒక్కదాన్నే పట్టడం ఎవరి తరం? కరుక్కుమంది. బిగువుగా ఉన్న పోగులు ఒక గుత్తి ఎగిరి రెండువైపులా ముడుచుకుపోయాయి. నలభై మూడు. (తర్వాత ఒక్కొక్కటే ముడివేస్తూ లెక్కపెట్టారు కాబట్టి కచ్చితంగా తెలుసు.)

బయటికి పాకి వచ్చి రాట్నం ముందు కూర్చున్నాను. అంత శ్రద్ధగా కండెలు చుట్టిన బిడ్డను ధర్మవరం అంతకుముందు చూసి ఉండదు. ఆ పడుగు నెలల తరబడి నాయన చేయబోయే పని. అది పోతే ఇంట్లో ఏమవుతుందో పదేళ్ళదానికైనా తెలుసు.

నాయన వచ్చి గుంటలో దిగాడు. కాలు తొక్కాడు. ఆగాడు. వంగి పడుగు కిందికి చూశాడు.

"ఎవురు?"

అమ్మ వచ్చింది. అవ్వ గరిటతో సహా వచ్చింది. "ఎలకలే, ఇంకెవురు? పిల్లిని పెంచుదామంటే ఇంటిరా మీరు?" అంది అవ్వ. అప్పుడు లోపలి గది గుమ్మంలోకి చిన్నాయన వచ్చాడు. పడుగు చూశాడు. నన్ను చూశాడు. నా వేలి గుడ్డ చూశాడు. అది పొద్దున లేదని ఆయనకు తెలుసు.

"నేనేన్నా. ఇప్పుడే ఎనకపక్క పోతాంటే సొక్కాయి గుండీ తట్టుకునె."

నాయన మెల్లగా తల తిప్పాడు. తొమ్మిది నెలల తర్వాత తమ్ముడితో ఆయన మాట్లాడిన మొదటి మాట ఇది: "గుండీకి నలభై పోగులు తెగినాయా? అది గుండీనా, గొడ్డలా?"

నాయన ముక్కు మీది అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "సూస్తా నిలబడితే అతుక్కుంటాయా? కూసో ఎనక" అన్నాడు.

చిన్నాయన పోగు జారకుండా వేళ్ళకు బూడిద అద్దుకుని పడుగు వెనక కూర్చున్నాడు. ఒక కొస వెతికి అందిస్తే, ముందు నుంచి నాయన అందుకుని ముడి వేసేవాడు. పదకొండో పోగు దగ్గర నాయన, "ఆ సీర అట్ల సగంలో ఇడిసి పోతివే" అన్నాడు. "తప్పేన్నా" అన్నాడు చిన్నాయన పడుగు వెనక నుంచి. "తప్పయితే అయింది. గీత పడె." "ఊ." మళ్ళీ అయిదారు పోగులు. అప్పుడు నాయనే, ఎటో చూస్తున్నట్టు, "ఇంతకీ ఎందుకొచ్చేస్తివి?" అన్నాడు.

చిన్నాయన చెప్పక చెప్పక చెప్పాడు. స్నేహితుడికి జ్వరం వస్తే ఒక పెళ్ళికి తనే కెమెరా పట్టుకున్నాడు. తీసేటప్పుడు నొక్కవలసిన బటను ఆపేటప్పుడు నొక్కాడు, ఆపేటప్పుడు నొక్కవలసింది తీసేటప్పుడు నొక్కాడు. పెళ్ళివాళ్ళు బంధువులందరినీ పిలిచి టీవీ ముందు కూర్చున్నారు. తాళి లేదు, తలంబ్రాలు లేవు. "రెండు గంటలు నా సెప్పులే కనపడెన్నా. మద్దెలో ఒకసారి నేను తిన్న ఇస్తరాకు."

నాయన పెదవులు బిగించాడు. భుజాలు మాత్రం ఊగాయి. "ఇస్తరాకులో ఏముండె?"

"ఓళిగలు."

అంతే. నాయన పోగు వదిలేసి నవ్వాడు. గుంటలో కాళ్ళు పెట్టుకుని మనిషి అంత గట్టిగా నవ్వడం నేను అదే చూడటం. అవ్వ గుమ్మంలోకి వచ్చి చూసి, లోపలికి పోయి కూర మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. ఆ కూర ఆ రోజు నాలుగుసార్లు వేడయింది. నలభై మూడో పోగు అతికేసరికి ఎండ గుమ్మం దాటి వెళ్ళిపోయింది. నాయన లేవబోతే మోకాళ్ళు పట్టేశాయి. చిన్నాయన చెయ్యి ఇచ్చాడు. నాయన ఆ చేతి బూడిద వైపు ఒకసారి చూసి, పట్టుకుని గుంటలో నుంచి పైకి వచ్చాడు.

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నాయన మూడు సంగటి ముద్దలు తిన్నాడు. నేను ఆపుకోలేక, "పెద్దోడు తిన్నాడు!" అని కేక వేశాను. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. "దీనికి ఎండదెబ్బ కొట్టినట్టుండాది" అంది అమ్మ. నాయన మాత్రం తన పళ్ళెంలోని కోడికాలు తీసి నా పళ్ళెంలో పెట్టి, నాకొక్కదానికే వినపడేలా అన్నాడు: "తనంతట తెగిన పోగు కొస నూగునూగుగా ఉంటాది పాపా. కత్తెర పడిన కొస నున్నగా ఉంటాది. తిను."

నేను తిన్నాను. ఏడుస్తూ, ముక్కు ఎగబీలుస్తూ, బొమికతో సహా తిన్నాను. ఆయన మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మరుసటి ఆదివారం నా హోంవర్కు టీచరమ్మకు అప్పజెప్పాను. ఆమె నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది. ఆ రోజు ఆమెకు రైలు దొరకలేదు.

వంకాయ రంగు చీర నా పెళ్ళికి ట్రంకుపెట్టెలో నుంచి బయటికొచ్చింది. "గీత లోపలికి పోయేటట్ల కట్టుకో" అన్నాడు చిన్నాయన సిగ్గుపడుతూ. (ఆ పెళ్ళిలో ఆయన్ను కెమెరా దరిదాపులకు రానివ్వలేదు.) నేను గీత పైకి కనిపించేలాగే కట్టుకున్నాను. దానికి అటువైపు ఒకరు, ఇటువైపు ఒకరు. ఇద్దరి చేతులూ లేకపోతే అది చీరే కాదు. నా పిల్లలిద్దరూ ఆ చీర ఉయ్యాలలోనే పెరిగారు.

మేము ఇప్పుడు హిందూపురంలో ఉంటున్నాం. మొన్న నా కూతురు, ఆరేళ్ళది, తలుపు వెనక నిలబడి అన్నం తినడానికి రానంది. దాని బొమ్మల పుస్తకం తమ్ముడు చింపాడు, ఏడుస్తున్నాడని నేను వాణ్ణే ఎత్తుకున్నాను. అది దాని ఫిర్యాదు. పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గర కూర్చుని చాలాసేపు బతిమాలి, చివరికి ఈ కథ మొత్తం చెప్పాను. అది శ్రద్ధగా విని, "మన ఇంట్లో కత్తెర ఎక్కడుందిమా?" అంది. ఆ సాయంత్రమే కత్తెరలన్నీ బీరువా పైకి ఎక్కించాను. కానీ అది తలుపు వెనక నుంచి బయటికి వచ్చి, తమ్ముడి పక్కన కూర్చుని తినింది. నేను ఖాళీ పళ్ళెం తీసుకుని లేస్తుంటే వెనక నుంచి అడిగింది: "మా, నువ్వు తిన్నావా?"

నేను తినలేదు. అప్పుడు తోచింది. ఇన్నేళ్ళలో ఆ కథను ఎంతమందికి చెప్పానో, ప్రతిసారీ పెద్దోడు తిన్నాడా అనే అడిగాను. విందు లోపల వదిలి, గుమ్మం బయటికి వచ్చి బతిమాలుతూ నిలబడిన ఆ తండ్రి తిన్నాడా అని ఒక్కసారీ అడగలేదు. కూర నాలుగుసార్లు వేడిచేసిన మా అవ్వ ఆ రోజు ఎప్పుడు తినిందో, అసలు తినిందో లేదో, నాకు గుర్తు లేదు. చూసి ఉంటే కదా గుర్తుండటానికి. దేవుడు వదిలేసిన కథను పూర్తిచేశానని కోడికాలు చీకుతూ కూర్చున్న ఆ పదేళ్ళ పిల్ల, పక్కనే గరిటతో నిలబడి ఉన్న మనిషి వైపు తల కూడా తిప్పలేదు.